ఆసుపత్రిలో ఉన్న బిడ్డ రక్తంలో ఫంగస్: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు తెలుగు కుటుంబాలకు పిల్లల ఐసీయూ బయట ఒక ఇబ్బంది ఎదురవుతుంది. కేస్ షీట్ ఇంగ్లీషులో ఉంటుంది, రౌండ్స్‌లో మాటలు ఒడియాలో నడుస్తాయి, బయట బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మకు తెలుగే వచ్చు. "రక్తంలో ఫంగస్ ఉంది" అన్న కబురు ఆమె దాకా వచ్చేసరికి భయం ఒక్కటే మిగులుతుంది. ఆ బెంచీల మీద వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది మీ బిడ్డను చూస్తున్న డాక్టరే తేల్చాలి. ఆ డాక్టరును ఏం అడగాలో, ఎందుకు అడగాలో మీకు తెలియాలని ఈ ప్రయత్నం.

రక్తంలో ఫంగస్ అంటే అసలు ఏమిటి?

ఎక్కువసార్లు అది కాండిడా అనే ఈస్ట్. మన చర్మం మీద, నోట్లో, పేగుల్లో మామూలుగానే ఉంటుంది, ఏ హానీ చేయదు. ఒంట్లో శక్తి బాగా తగ్గిన బిడ్డలో అది పేగు గోడ దాటి గానీ, రక్తనాళంలో పెట్టిన ట్యూబ్ వెంట గానీ రక్తంలోకి చేరితే అప్పుడు ప్రమాదం. దాన్నే డాక్టర్లు కాండిడీమియా అంటారు. రక్తంతో పాటు అది కిడ్నీలకు, కళ్లకు, మెదడుకు, గుండె కవాటాలకు, కీళ్లకు వెళ్లగలదు. అందుకే డాక్టర్లు అంత హడావుడి పడతారు.

2021లో కోవిడ్ తర్వాత అందరూ భయపడ్డ బ్లాక్ ఫంగస్ ఇది కాదు. అది మ్యూకర్ అనే వేరే జాతి. ముక్కు, సైనస్, కంటి వైపు పాకుతుంది. అప్పటి టీవీ దృశ్యాలు గుర్తొచ్చి "కన్ను తీసేస్తారా" అని వణికిపోయే తల్లిదండ్రులున్నారు. ఆ భయం ఇక్కడ అక్కర్లేదు.

బాబు నోట్లో తెల్లపూత ఉంది. అదే రక్తంలోకి వెళ్లిందా?

నెలలు నిండి పుట్టి, ఇంట్లో హాయిగా పాలు తాగే బిడ్డకు నోటిపూత రావడం మామూలే. డాక్టరు రాసిన చుక్కలతోనో జెల్‌తోనో తగ్గిపోతుంది, రక్తంలోకి వెళ్లదు. డైపర్ కట్టే చోట వచ్చే ఎర్రటి దద్దు కూడా అంతే. తామరకైతే దీంతో సంబంధమే లేదు. నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉన్న బిడ్డ నోట్లోనో చర్మం మీదనో పూత కనిపిస్తే మాత్రం సిస్టర్‌కు వెంటనే చూపించండి. అక్కడ దాని లెక్క వేరు.

మా ఇంట్లో శుభ్రత లేకనే వచ్చిందా? తల్లి చద్దన్నం, తరవాణి తాగింది, అందుకా?

కాదు. ఈ జవాబు మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్న వెనక చాలా ఇళ్లలో బాలింత మీద నింద ఉంటుంది. చద్దన్నం, తరవాణి, పక్కింటివాళ్లు పెట్టిన పఖాళం, పెరుగు, చల్లటి నీళ్లు ఇవేవీ బిడ్డ రక్తంలోకి ఫంగస్‌ను పంపవు. తల్లిపాలతోనూ రాదు. ఇది దాదాపుగా ఆసుపత్రిలోనే, పెద్ద జబ్బుకు పెద్ద వైద్యం జరుగుతున్న చోట వచ్చే ఇన్ఫెక్షన్. నెలలు నిండని బిడ్డను బతికించడానికి వాడే ట్యూబులు, యాంటీబయాటిక్స్, నరంలో ఎక్కించే పోషకాలే దీనికి దారి తెరుస్తాయి. అవి లేకపోతే ఆ బిడ్డ అక్కడిదాకా వచ్చేవాడే కాదు. కాబట్టి నిందించడానికి మనిషి కోసం వెతకొద్దు, అత్తగారినైనా, కోడలినైనా.

తల్లి వైపు నుంచి గమనించాల్సింది ఒకటుంది. గర్భిణికి దురదతో పెరుగు ముక్కల్లాంటి తెల్లబట్ట అవుతుంటే సిగ్గుపడకుండా చూపించుకోవాలి. నెలలు నిండకముందే కాన్పయితే ఆ ఫంగస్ బిడ్డ చర్మానికి అంటుకోవచ్చు.

ఏ పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ?

అందరికంటే ముందు, బరువు బాగా తక్కువతో పుట్టినవారికి. 1500 గ్రాముల లోపు బిడ్డలకు ప్రమాదం ఉంది, కిలో లోపు బిడ్డలకు చాలా ఎక్కువ. వాళ్ల చర్మం, పేగు గోడ ఇంకా పలచగా ఉంటాయి. తర్వాత పేగులకు ఆపరేషన్ అయిన పిల్లలు, క్యాన్సర్ మందులతో తెల్లకణాలు పడిపోయినవారు, ఒళ్లు కాలి చేరినవారు, వెంటిలేటర్ మీద చాలా రోజులు ఉన్నవారు, డయాలిసిస్ అవుతున్నవారు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడాల్సి వచ్చినవారు.

వీళ్లలో ఎక్కువమందికి ఉమ్మడిగా కనిపించేవి రెండు. ఒకటి మెడ దగ్గరో, చేతి నుంచో, బొడ్డు నుంచో పెద్ద రక్తనాళంలోకి పెట్టిన సెంట్రల్ లైన్. రెండోది రోజుల తరబడి నడిచిన శక్తిమంతమైన యాంటీబయాటిక్స్. వీటికి తోడు నోటి ద్వారా తిండి లేక నరంలో గ్లూకోజు, కొవ్వు ఎక్కిస్తుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఇన్ని యాంటీబయాటిక్స్ ఇస్తుంటే కూడా ఎలా వచ్చింది?

యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, ఫంగస్ జోలికి పోదు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా, ఈస్ట్ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటూ ఉంటాయి. మందుతో బ్యాక్టీరియా పోయాక ఆ ఖాళీ అంతా ఈస్ట్ ఆక్రమిస్తుంది. అలాగని అవసరమైన యాంటీబయాటిక్‌ను వద్దనకండి. నెలలు నిండని బిడ్డకు బ్యాక్టీరియా సెప్సిస్, అంటే ఒళ్లంతా దెబ్బతీసే ఇన్ఫెక్షన్, గంటల్లో ప్రాణం తీయగలదు.

అడగాల్సిన ప్రశ్న వేరు: "ఈ యాంటీబయాటిక్ ఇవాళ కూడా కావాలా? కల్చర్ రిపోర్టు ఏమొచ్చింది?" (కల్చర్ అంటే రక్తాన్ని సీసాలో ఉంచి ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్ష.) సెంట్రల్ లైన్ గురించీ ఇదే అడగండి: "ఈ లైన్ ఇవాళ అవసరమా?" రోజూ మర్యాదగా ఈ రెండు మాటలు అడగడం మీ హక్కు. మంచి యూనిట్లలో డాక్టర్లు రౌండ్స్‌లో తమను తాము అడుక్కునే ప్రశ్నలే ఇవి. మీరు అడిగినందుకు ఎవరైనా విసుక్కున్నా మానకండి. ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఈ జవాబే.

మా ఊళ్లో పిల్లవాడికి వారం నుంచి జ్వరం. రక్తంలో ఫంగసేమో?

ఆరోగ్యంగా తిరుగుతూ, ఇంట్లో జ్వరం తెచ్చుకున్న పిల్లవాడికి ఇది కాదనే అనుకోవచ్చు. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల్లో జ్వరమంటే మొదట చేయించాల్సింది మలేరియా పరీక్ష. ఆశా కార్యకర్త దగ్గరే కిట్ ఉంటుంది. ఆ తర్వాత డెంగీ, టైఫాయిడ్, న్యుమోనియా వగైరా చూస్తారు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. నవరంగపురం, కోరాపుట్ వైపు పల్లెల్లో కడుపు ఉబ్బరం వచ్చిన పసిపిల్లలకు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. కాలిన చర్మం ఏ క్రిమికైనా తెరిచిన తలుపే. అలా వాతలతో వచ్చి ఐసీయూలో చేరే బిడ్డ ఇన్ఫెక్షన్‌తో రెట్టింపు పోరాడాలి. దయచేసి వద్దు. చుట్టుపక్కల ఎవరైనా పెట్టబోతుంటే ఆపండి.

లక్షణాలు ఎలా ఉంటాయి?

ప్రత్యేకమైన గుర్తు ఏదీ లేదు, చిక్కంతా అక్కడే ఉంది. పెద్ద పిల్లల్లో యాంటీబయాటిక్ నడుస్తున్నా తగ్గని జ్వరం, వణుకు, బీపీ పడిపోవడం. నెలలు నిండని బిడ్డకైతే జ్వరం రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడొచ్చు. నిన్నటిదాకా అరాయించుకున్న పాలు ఇవాళ కడుపులో నిలవకపోవడం, పొట్ట ఉబ్బడం, మధ్యమధ్య ఊపిరి ఆగడం, మందకొడిగా పడి ఉండటం, రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పెరగడం, ప్లేట్‌లెట్లు బాగా తగ్గిపోవడం కనిపిస్తాయి. బ్యాక్టీరియా సెప్సిస్ కూడా ఇలాగే ఉంటుంది. పుట్టిన మూడు రోజులు దాటాక, లైన్ ఉన్న బిడ్డలో ప్లేట్‌లెట్లు పడిపోతుంటే డాక్టర్ల మనసు ఫంగస్ వైపు కూడా పోతుంది.

రోజంతా బిడ్డను చూసే తల్లికి "నిన్నటిలా లేదు" అని ముందే అనిపిస్తుంది. అనిపించిన వెంటనే చెప్పండి, ఏ భాషలో అయినా సరే.

రోజూ రక్తం తీస్తున్నారు. అసలే కిలో బిడ్డ, రక్తం అయిపోదా?

టెన్షన్ సహజమే. కిలో బిడ్డ ఒంట్లో సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. బ్లడ్ కల్చర్‌కు కనీసం ఒక మిల్లీలీటరు కావాలి. అంతకంటే తగ్గిస్తే ఫంగస్ ఉన్నా పరీక్షలో దొరకకపోవచ్చు. ఎంత జాగ్రత్తగా చేసినా బ్లడ్ కల్చర్ దాదాపు సగం కేసులనే పట్టుకుంటుంది. అందుకే ఒకసారి నెగటివ్ వచ్చినా అనుమానం ఉంటే మళ్లీ తీస్తారు. ఫంగస్ ఉందని తేలాక కూడా, రక్తం శుభ్రపడిందా లేదా అని రోజూ లేదా రోజు విడిచి రోజు కల్చర్ పంపుతారు. అది మానేస్తే మందు ఎప్పటిదాకా ఇవ్వాలో ఎవరికీ తెలియదు. మిగతా చిన్నచిన్న పరీక్షలన్నీ కలిపి ఒకేసారి రక్తం తీయగలరా అని మాత్రం అడగొచ్చు.

రిపోర్టు రాకముందే మందు మొదలుపెట్టారు. ఎందుకు?

సీసాలో ఈస్ట్ పెరగడానికి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ. అది ఏ జాతి, ఏ మందుకు లొంగుతుంది అని తేలడానికి పైన మరికొన్ని రోజులు. అంతదాకా ఆగితే బిడ్డ చేయి దాటిపోవచ్చు. బిడ్డ పరిస్థితి, లైన్, ప్లేట్‌లెట్లు, పాత యాంటీబయాటిక్స్ అన్నీ చూసి అంచనాతో మొదలుపెట్టడం సరైన పద్ధతే.

బ్యాక్టీరియా కల్చర్లలో అప్పుడప్పుడు "చర్మం మీది క్రిమి సీసాలో పడింది, పట్టించుకోనక్కర్లేదు" అంటారు. రక్తంలో కాండిడా వస్తే మాత్రం ఆ మాట చెల్లదు. ఒక్క సీసాలో వచ్చినా వైద్యం చేయాల్సిందే. "ఒక్కసారే వచ్చింది, చూద్దాం" అని ఎవరైనా అంటే ఇంకో పిల్లల డాక్టరు అభిప్రాయం అడగండి.

రిపోర్టులో ఏదో పొడుగాటి పేరు రాశారు. అది ముఖ్యమా?

చాలా ముఖ్యం. అది కాండిడాలో ఏ జాతో చెప్పే పేరు, దాన్ని బట్టే మందు మారుతుంది. ఆల్బికన్స్ అనేది ఎక్కువగా ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందుకు లొంగుతుంది. మన దేశపు ఐసీయూల్లో ఎక్కువగా కనిపించేది ట్రాపికాలిస్. 27 ఐసీయూల లెక్కలతో 2015లో వచ్చిన అధ్యయనంలో 41.6 శాతం దానిదే, ఇప్పుడు అందులో ఫ్లూకొనజోల్‌కు లొంగని రకాలు పెరుగుతున్నాయి. పారాప్సిలోసిస్ సిబ్బంది చేతుల మీదుగా, ట్యూబుల వెంట పాకుతుంది, చంటిబిడ్డల వార్డుల్లో ఎక్కువ. క్రూసై మీద ఫ్లూకొనజోల్ అసలు పనిచేయదు. గ్లాబ్రాటాకు మోతాదు పెంచాలి లేదా మందు మార్చాలి.

ఆరిస్ అన్న పేరు కనిపిస్తే దాన్ని విడిగా చూడాలి. 2009లో జపాన్‌లో ఒకరి చెవి నుంచి తీసిన నమూనాలో మొదట గుర్తించారు. మామూలు యంత్రాలు కొన్ని దాన్ని హెమ్యులోనై అని పొరపాటుగా చూపిస్తాయి. చాలా మందులకు లొంగదు, మంచాలమీదా బల్లలమీదా వారాల పాటు బతుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో విడుదల చేసిన ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో ఆరిస్, ఆల్బికన్స్ రెండూ అత్యంత తీవ్రమైన వరుసలో ఉన్నాయి.

రిపోర్టులో "ఈస్ట్ పెరిగింది" అని మాత్రమే ఉంటే జాతి పేరు, మందుల పట్టిక ఎప్పుడొస్తాయని అడగండి.

నరం దొరకడమే కష్టమైంది, ఇప్పుడు ఆ లైన్ తీసేయాలంటున్నారు.

తీయనివ్వండి. నీళ్లకుండ లోపలి గోడకు పాచి పట్టినట్టు, ట్యూబ్ లోపల కాండిడా జిగురు పొరలా పేరుకుంటుంది. ఆ పొరలోకి మందు సరిగ్గా చొరబడదు. లైన్ అలాగే ఉంటే మందు పడుతున్నా రక్తంలోకి మళ్లీ మళ్లీ ఫంగస్ రాలుతూనే ఉంటుంది. కొన్ని సందర్భాల్లో, ప్రాణాధారమైన మందు ఎక్కించడానికి వేరే దారి లేనప్పుడు డాక్టర్లు కొంచెం ఆగుతారు. ఆగితే కారణం మీకు చెప్పమనండి.

ఏ మందులు ఇస్తారు? ఆ పసుపుపచ్చటి మందు ఎక్కిస్తుంటే పాప వణికిపోయింది.

అది ఆంఫోటెరిసిన్-బి. పాత మందే, కానీ పసిబిడ్డల్లో ఇప్పటికీ పెద్ద దిక్కు. మెదడుకు చేరిందేమో అన్న అనుమానం ఉన్నప్పుడు మరీ. గంటల తరబడి మెల్లగా ఎక్కిస్తారు, సెలైన్‌లో కాకుండా డెక్స్ట్రోజ్‌లో కలుపుతారు. వణుకు, జ్వరం వస్తాయి, ముఖ్యంగా పెద్ద పిల్లల్లో. వస్తే సిస్టర్‌ను పిలవండి, తగ్గించే మందులున్నాయి. మీ అంతట మీరు డ్రిప్ వేగం మాత్రం మార్చకండి. ఈ మందు కిడ్నీల మీద ప్రభావం చూపుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), పొటాషియం పదేపదే చూసేది అందుకే. మూత్రం తగ్గితే చెప్పండి. ఇందులోనే లైపోసోమల్ రకం కిడ్నీలకు మెత్తన, ధర మాత్రం చాలా ఎక్కువ.

నవజాత దశ దాటిన పిల్లలకు కాస్పోఫంగిన్, మైకాఫంగిన్ లాంటివి మొదట ఇస్తారు. బాగా పనిచేస్తాయి, అయితే మెదడులోకి, కంటిలోకి సరిగ్గా చేరవు. ఫ్లూకొనజోల్ చవక, నోటి ద్వారా కూడా ఇవ్వొచ్చు. ఇన్ఫెక్షన్ ఆ మందుకు లొంగుతుందని తేలి, బిడ్డ కుదుటపడ్డాక దానికి మారుస్తారు.

కొన్ని ఎన్‌ఐసీయూల్లో ఈ ఇన్ఫెక్షన్ మరీ ఎక్కువగా ఉంటే, కిలో లోపు బిడ్డలకు ముందు జాగ్రత్తగా వారానికి రెండుసార్లు ఫ్లూకొనజోల్ ఆరు వారాలు ఇస్తారు. ఇన్ఫెక్షన్ లేకుండానే మందు ఎందుకు ఇస్తున్నారని కంగారు పడొద్దు.

కంటి డాక్టరును పిలిచారు, నడుము నుంచి నీరు తీస్తామన్నారు. ఇవన్నీ అవసరమా?

అవసరమే. ఫంగస్ ఎక్కడెక్కడికి చేరిందో చూడకుండా మందు ఎన్ని రోజులో చెప్పలేరు. కంటిపాప పెద్దది చేసి వెనక పొర చూస్తారు. నవజాత శిశువుకు వెన్నులోంచి నీరు తీసి మెదడు పొరలు చూస్తారు. కిడ్నీలు, కాలేయానికి స్కానింగ్, గుండెకు ఎకో చేస్తారు. వెన్నులో సూది పెడితే కాళ్లు పడిపోతాయన్న భయం మన వైపు ఎక్కువ. ఆ సూది వెన్నుపాము ఆగిపోయే చోటుకు కింద గుచ్చుతారు, కాళ్లు పోవు.

నెలలు నిండని పిల్లలకు వచ్చే ఆర్‌ఓపీ అనే కంటి వెనక పొర జబ్బు కోసం మరో కంటి పరీక్ష పుట్టిన నాలుగు వారాల్లోపు జరగాలి. ఇది వేరు, అది వేరు. ఒకటి అయింది కదా అని రెండోది వదిలేయకండి.

జ్వరం తగ్గి పాలు తాగుతోంది. ఇంటికి తీసుకెళ్లిపోవచ్చా?

ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. బిడ్డ కళ్లు తెరిచింది, పొలం పని ఆగిపోయింది, ఇంటి దగ్గర పెద్దపిల్లలు ఒంటరిగా ఉన్నారు, చేతిలో డబ్బు అయిపోయింది. లామా కాగితం మీద, అంటే డాక్టరు వద్దన్నా వెళ్తున్నామని రాసిన కాగితం మీద, సంతకం పెట్టి వెళ్లిపోతారు. ఆ కుటుంబాల కష్టం నాకు అర్థమవుతుంది. అయినా చెప్పక తప్పదు: మందు లెక్క జ్వరం తగ్గిన రోజు నుంచి మొదలవదు. రక్తం కల్చర్ మొదటిసారి నెగటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం 14 రోజులు. మెదడుకో గుండెకో చేరితే వారాలు గడవాలి. మధ్యలో ఆపితే ఎముకలోనో కంటిలోనో దాగిన ఫంగస్ తిరిగి లేస్తుంది.

వెళ్లక తప్పని పరిస్థితి అయితే దాచకుండా డాక్టరుతో చెప్పండి. మిగిలిన రోజులు నోటి మందుతో గడుస్తుందా, దగ్గరలోని జిల్లా ఆసుపత్రిలో ఇంజెక్షన్లు కొనసాగించొచ్చా అని ఆలోచిస్తారు. చెప్పకుండా వెళ్తే ఆ దారీ మూసుకుపోతుంది.

ఇక్కడి నుంచి విశాఖ తీసుకెళ్తే మేలా?

పర్లాకిమిడి నుంచి పాతపట్నం, టెక్కలి మీదుగా శ్రీకాకుళం. రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖ. కోరాపుట్ నుంచి రైలులోనో ఘాట్ రోడ్డులోనో కిందికి. మన చుట్టాలు అటే ఉంటారు కాబట్టి కాళ్లు అటే లాగుతాయి. ఒడిశాలోనే బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ 1962 నుంచి ఉంది, కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ 2017లో మొదలైంది. ఎటు వెళ్లాలన్నది బిడ్డ ప్రయాణం తట్టుకుంటుందా, అక్కడ బెడ్, బ్లడ్ కల్చర్, కంటి పరీక్ష ఉన్నాయా అన్నదాన్ని బట్టి తేల్చుకోండి. ఫోన్ చేసి బెడ్ ఉందని ఖాయం చేసుకోకుండా చిన్నబిడ్డతో ఘాట్ దిగొద్దు.

వెళ్లేవాళ్లు ఈ పని తప్పక చేయండి. ఇక్కడ తీసిన బ్లడ్ కల్చర్ రిపోర్టు రెండు మూడు రోజుల తర్వాత వస్తుంది. అప్పటికి మీరు ఇంకో రాష్ట్రంలో ఇంకో ఆసుపత్రిలో ఉంటారు. "ఈస్ట్ పెరిగింది" అన్న కాగితం ఇక్కడి ల్యాబ్‌లోనే ఉండిపోతుంది, అక్కడి డాక్టరుకు తెలియనే తెలియదు. కాబట్టి బయల్దేరే ముందు ల్యాబ్ నంబరు, శాంపిల్ తీసిన తేదీ, ల్యాబ్ ఫోన్ నంబరు రాయించుకోండి. మూడో రోజు మీరే ఫోన్ చేసి, రిపోర్టు ఫోటో వాట్సాప్‌లో తెప్పించి అక్కడి డాక్టరుకు చూపించండి. దాంతోపాటు ఇచ్చిన యాంటీబయాటిక్స్ పేర్లు, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు, లైన్ పెట్టిన తేదీ, పుట్టిన బరువు, ఎన్నో వారంలో పుట్టిందీ ఒక కాగితం మీద రాయించుకుంటే కొత్త చోట ఒక రోజు కలిసొస్తుంది.

ఖర్చు ఎలా?

ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, రక్తం ఉచితంగా ఇవ్వాలి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద అది మీ హక్కు. ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో నిరామయ కింద మందులు, నిదాన్ కింద పరీక్షలు ఉచితం. బయట కొనమని చీటీ ఇస్తే, స్టాకు లేదా అని అక్కడి మేనేజరును అడగండి. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తోంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. ఒడిశా కార్డుతో విశాఖ వెళ్లేవారు ఆ ఆసుపత్రి ఆయుష్మాన్ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఆంధ్రా వైద్యసేవ కార్డు ఆంధ్రా కుటుంబాలకే, చుట్టాల కార్డుతో పని జరగదు.

పక్క బెడ్ బిడ్డకు అంటుకుంటుందా? నేను ముట్టుకోవచ్చా?

దగ్గుతో, గాలితో అంటదు. చేతులతో అంటుతుంది. బిడ్డను ముట్టుకునే ముందు, తర్వాత చేతులు కడగండి, గాజులు, ఉంగరాలు, గడియారం తీసి. కడుక్కోకుండా బిడ్డ దగ్గరకొచ్చే ఎవరినైనా, డాక్టరునైనా, "చేతులు సార్" అని గుర్తుచేయొచ్చు. లైన్ మూతలు, టేపులు మీరు ముట్టకండి. ఆరిస్ అయితే బిడ్డను విడిగా పెడతారు, క్లోరిన్ ద్రావణంతో అన్నీ తుడుస్తారు. అది మిమ్మల్ని వెలివేయడమని అనుకోవద్దు.

తల్లిపాలు, కంగారూ పద్ధతి ఆపాలా?

డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఆపొద్దు. ముర్రుపాలు మొదటి గంటల నుంచే పిండి ఒక్కో చుక్క ఇచ్చినా పేగులకు బలం. ఎంత త్వరగా పూర్తిగా పాలమీదికి వస్తే అంత త్వరగా నరంలో ఎక్కించేది, దాంతో లైనూ పోతాయి. గుండెల మీద చర్మానికి చర్మం ఆనించుకునే కంగారూ సంరక్షణ ఇన్ఫెక్షన్లను తగ్గిస్తుంది. తక్కువ బరువు బిడ్డలకు పుట్టిన వెంటనే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. తండ్రి, నాయనమ్మ కూడా చేయొచ్చు.

విరేచనాలకు వాడే ప్రోబయాటిక్ పొడి మంచిదని షాపులో ఇచ్చారు. వేయొచ్చా?

ఐసీయూలో ఉన్న బిడ్డకు మీ అంతట మీరు వేయకండి. ఆ పొడుల్లో కొన్నింటిలో ఉండేది శాకరోమైసిస్ బౌలార్డీ, అది కూడా ఒక ఈస్టే. సెంట్రల్ లైన్ ఉన్న పిల్లల రక్తంలోకి అది చేరిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మంచం పక్కన ప్యాకెట్ చించినా ఆ పొడి చేతుల మీదుగా లైన్ దాకా పోగలదు.

ఇందులో ఒడిశాకు గర్వకారణమైన విషయం కూడా ఉంది. ఇక్కడి పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులతో జరిగిన పరిశోధన 2017లో ప్రచురితమైంది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అనే మంచి బ్యాక్టీరియాను కొన్ని రోజులు ఇస్తే సెప్సిస్, మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి. ఆ బిడ్డలు ఆరోగ్యంగా, నెలలు నిండి లేదా దాదాపు నిండి, రెండు కిలోలు దాటి పుట్టినవారు. ఇచ్చింది ఈస్ట్ కాదు, బ్యాక్టీరియా. ఆ ఫలితాన్ని కిలో బిడ్డకు, షాపు పొడికి అతికించకూడదు.

బిడ్డ బతుకుతుందా?

పెద్ద పిల్లల్లో సమయానికి మందు పడి, లైన్ తీసేస్తే ఎక్కువమంది కోలుకుంటారు. కిలో లోపు బిడ్డలకు ప్రమాదం చాలా ఎక్కువ, కోలుకున్నవారిలోనూ కొందరికి ఎదుగుదల ఆలస్యమవుతుంది. మీ బిడ్డ ఏ వైపు ఉందో తెలియాలంటే డాక్టరును ఈ మూడూ అడగండి: కల్చర్ నెగటివ్ అయిందా, మెదడుకు చేరిందా, లైన్ తీశారా.

ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలి?

వారాల తర్వాత కూడా బిడ్డ ఒక కాలో చేయో కదపకపోయినా, డైపర్ మార్చేటప్పుడు తొడ కదిపితే ఏడ్చినా కీలులో ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు, అదే రోజు తీసుకెళ్లండి. తల చుట్టుకొలత వేగంగా పెరుగుతున్నా, మాడు ఉబ్బినా, కళ్లు వెలుగు వైపు తిరగకపోయినా అంతే. వినికిడి, చూపు, మెడ నిలపడం, కూర్చోవడం ఇవన్నీ రెండేళ్ల దాకా చూపిస్తూ ఉండాలి. జిల్లా ఆసుపత్రుల్లో ఉండే, పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే డీఈఐసీ కేంద్రంలో ఈ పరీక్షలు ఉచితం. డిశ్చార్జి కాగితంలో ఫంగస్ పేరు, వాడిన మందు, ఎన్ని రోజులు అన్నవి రాశారో లేదో వార్డు దాటకముందే చూసుకోండి. ఆ కాగితం నకలు ఒకటి ఫోనులో, ఒకటి మీ ఆశా దగ్గర పెట్టండి.